తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

ఈ సంచికకి ఏం రాస్తున్నావని క్లబ్ గ్రూపులో అడిగితే "మెనూల మీద వ్యాసం" అన్నాను. క్యాంటీన్ మెనూ అనుకుని ముగ్గురు దండం ఎమోజీలు పెట్టారు. సారీ, అది కాదు. కంపెనీల్లో వాడే సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ అవగానే ఎడమపక్కన ఒక మెనూ వస్తుంది చూడండి, దాని గురించి. ఒకరికి అందులో ముప్పై ఐటమ్స్ కనిపిస్తాయి, పక్క సీటు ఆయనకి నాలుగే కనిపిస్తాయి. ఎవరికి ఏది కనిపించాలి? అది ఎవరు తేల్చాలి? కథలూ కవితలూ వచ్చే పత్రికలో ఇదెందుకు అంటారేమో. ఒక మనిషి మంచిపేరు ఈ మెనూ వల్ల పోవడం నేను మా ఇంట్లోనే చూశాను. అందుకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెనూలో ఏది ఎవరికివ్వాలన్నది ఐటీ వాళ్ళ చిల్లరపని కాదు. అది ఆ సంస్థలో ఎవరి బాధ్యత ఎంతవరకో రాసుకునే పని. ఇంకోటి, తక్కువ యాక్సెస్ ఇవ్వడం అంటే నమ్మకపోవడం కాదు. నిజాయితీగా పనిచేసేవాడికి అదే రక్ష.

మేం చేసిన తప్పు

థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్టులో మేం నలుగురం హాస్టల్ మెస్ బిల్లుల అప్లికేషన్ చేశాం. స్టూడెంట్, మెస్ ఇన్‌చార్జ్, వార్డెన్ అని మూడు రోల్స్ పెట్టాం. స్టూడెంట్‌గా లాగిన్ అయితే "బిల్లు సవరణ" అన్న మెనూ కనిపించదు. డెమోలో లాగిన్లు మార్చి మార్చి చూపించి, చాలా గొప్పగా ఫీలయ్యాం.

వైవాలో మేడం ఒకటే అడిగారు. "ఆ పేజీ అడ్రస్ నేరుగా టైప్ చేస్తే ఏమవుతుంది?" మాలో ఎవరం మాట్లాడలేదు. ఆవిడే స్టూడెంట్ లాగిన్‌లో ఉండి అడ్రస్ టైప్ చేశారు. పేజీ తెరుచుకుంది. ఎవరిదో 3,200 రూపాయల బిల్లుని సున్నా చేసి సేవ్ నొక్కారు. సేవ్ కూడా అయింది! "తాళం వేశారు, గొళ్ళెం మరిచారు" అని నవ్వి, మార్కులు వేసుకున్నారు. ఎన్ని వేశారో ఇక్కడ చెప్పను.

మేం చేసిందల్లా మెనూని దాచడం. తలుపు మూయలేదు, తలుపు ముందు కర్టెన్ కట్టాం. ఇది మా ఒక్కరి తెలివితక్కువతనం అనుకుని కొన్నాళ్ళు బాధపడ్డాను గానీ, తర్వాత చదివితే తెలిసింది, ప్రపంచమంతా ఇదే చేస్తోందని. వెబ్ అప్లికేషన్ల భద్రతా లోపాల మీద ఓవాస్ప్ అనే సంస్థ ఒక టాప్ టెన్ జాబితా ఇస్తుంది. 2017 జాబితాలో ఐదో స్థానంలో ఉన్న యాక్సెస్ కంట్రోల్ లోపాలు 2021 జాబితాకి మొదటి స్థానానికి ఎక్కాయి. అంటే మనవాళ్ళు చాలామంది ఉన్నారన్నమాట.

నిజానికి ఈ పాఠం పాతదే. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి ఒక పేపర్ రాశారు. అందులో చెప్పిన సూత్రాల్లో ఒకటి, ఎవరు దేన్ని ముట్టుకున్నా ప్రతిసారీ అనుమతి ఉందో లేదో చూడాలి. ఇంకొకటి, ఎవరికైనా తన పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఉండాలి. మెనూ దాచడం ఈ రెండిట్లో ఏదీ కాదు. అనుమతి చూడాల్సింది స్క్రీన్ మీద కాదు, సర్వర్‌లో. అదీ డేటా మారబోయే ఆ క్షణంలో.

పెద్ద సాఫ్ట్‌వేర్‌లలో ఎలా చేస్తారు

అమీర్‌పేట వెళ్ళినవాళ్ళకి ఎస్ఏపీ కోచింగ్ బోర్డులు కొత్త కాదు. ఆ ఎస్ఏపీలో రోల్స్ తయారుచేసే స్క్రీన్‌కి పీఎఫ్‌సీజీ అని పేరు. అక్కడ ఒక రోల్‌కి మెనూ వేరే ట్యాబ్, అనుమతులు వేరే ట్యాబ్. రోల్ మెనూలో ఏ పని పెడతామో అది యూజర్‌కి లాగిన్ అవగానే కనిపిస్తుంది. కానీ ఎస్ఏపీలో మెనూతో పనిలేకుండా, పైనున్న చిన్న పెట్టెలో ఆ పని కోడ్ టైప్ చేసి నేరుగా వెళ్ళొచ్చు. మరి భద్రత ఏది? కోడ్ కొట్టగానే, ఈ మనిషికి ఈ కోడ్ నడిపే అనుమతి ఉందా అని సిస్టమ్ ముందు చూస్తుంది. అది దాటాక లోపలి ప్రోగ్రాం మళ్ళీ చూస్తుంది: ఏ ప్లాంటుకి? ఏ కొనుగోలు గ్రూపుకి? కొత్తగా రాయడానికా, మార్చడానికా, ఊరికే చూడటానికా? రాయడానికి 01, మార్చడానికి 02, చూడటానికి 03 అని అంకెలుంటాయి. ఎక్కడ ఆగిపోయామో తెలుసుకోవాలంటే ఎస్‌యూ53 అని కొడితే, ఏ అనుమతి లేక ఆగామో చూపిస్తుంది. మేం మా ప్రాజెక్టులో ఒక్క పొర పెట్టాం, అదీ కర్టెన్. అక్కడ మెనూ పొర పోయినా ఇంకా రెండు గోడలుంటాయి.

మన లాప్‌టాప్‌లో వేసుకుని చూడగలిగే ఓడూ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఒక మెనూని ఫలానా గ్రూపుకే అని పెడితే మిగతావాళ్ళకి కనిపించడం మానేస్తుంది, అంతే. ఆ డేటాని ఎవరు చదవాలి, రాయాలి, చెరపాలి అన్నది వేరే ఫైల్లో విడిగా రాయాలి. మెనూ ఒక్కటే సర్ది, అయిపోయిందనుకుంటే మా మెస్ బిల్లే మళ్ళీ.

ఒరాకిల్ వాళ్ళ ఈ-బిజినెస్ సూట్‌లో దీనికి పెట్టిన పేరు నాకు చాలా నచ్చింది. అక్కడ యూజర్‌కి ఇచ్చేదాన్ని "రెస్పాన్సిబిలిటీ" అంటారు. మనిషికి బాధ్యత ఇస్తారు, ఆ బాధ్యతకి ఒక మెనూ ఉంటుంది. అధికారం అనకుండా బాధ్యత అన్నారు చూడండి, నా వ్యాసమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పని మనిషిది కాదు, కుర్చీది

రోల్ ఆధారంగా యాక్సెస్ ఇవ్వాలన్న ఆలోచనని ఒక పద్ధతిగా రాసింది అమెరికాలోని నిస్ట్ సంస్థకి చెందిన డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్. అది 1992లో. 1996లో రవి సంధు, ఆయన సహ రచయితలు దానికి మోడల్స్ ఇచ్చారు. 2004లో అది అమెరికన్ స్టాండర్డ్ అయింది. ఇంత చరిత్ర ఉన్న ఆలోచన సారం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: అనుమతి మనిషికి ఇవ్వొద్దు, అతను కూర్చున్న కుర్చీకి ఇవ్వు. మనిషి కుర్చీ మారితే అనుమతి తనంతట తానే మారుతుంది.

పేపర్ మీద బానే ఉంటుంది. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన చోట కొత్త ఉద్యోగులకి యాక్సెస్ ఇచ్చే టికెట్లు చూడటం నా పని. వాటిలో ఎక్కువ టికెట్లు ఒకేలా ఉండేవి. "ఫలానా ఆయనకి ఏమేం ఉన్నాయో ఈయనకీ అవే ఇవ్వండి." ఆ ఫలానా ఆయన ఎవరంటే, మొదట స్టోర్స్‌లో చేరి, తర్వాత కొనుగోళ్ళకి మారి, ఇప్పుడు అకౌంట్స్‌లో ఉన్న మనిషి. ప్రతి మలుపులోనూ ఒక కొత్త రోల్ చేరింది, పాతది ఎవరూ తీయలేదు. సంక్రాంతి అల్లుడికి వడ్డించినట్టు విస్తట్లో పడుతూనే ఉన్నాయి. నిన్న చేరిన కుర్రాడికి అదే విస్తరి పెట్టమంటున్నారు. నేను మా లీడ్‌ని అడిగితే, "ఇవ్వకపోతే పని ఆగిందని ఫోన్ వస్తుంది, ఎక్కువిస్తే ఎవరూ ఫోన్ చెయ్యరు" అన్నారు. అసలు రోగం అదే. తక్కువైతే వెంటనే తెలుస్తుంది. ఎక్కువైతే ఏదో ఒకరోజు తెలుస్తుంది.

మన ఊళ్ళల్లో ఒకప్పుడు మునసబు, కరణం ఉండేవారు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్కలు రాసేవాడు. డబ్బు ముట్టేవాడు ఒకడు, పద్దు రాసేవాడు ఇంకొకడు. చూడండి, ఎంత చక్కటి ఏర్పాటో! కంప్యూటర్ పుట్టకముందే బాధ్యతలు విడగొట్టారు. కానీ ఆచరణలో చాలాచోట్ల ఆ కుర్చీ ఇంటిపేరుతో అతుక్కుపోయింది, తండ్రి తర్వాత కొడుకు. పొలం లెక్క ఆ దస్తరంలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు, ఆ దస్తరం ఆ ఇంట్లోంచి బయటికొచ్చేది కాదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థని రద్దు చేసింది. పని విడగొట్టడం ఒక్కటే చాలదని, కుర్చీ మనిషి నుంచి విడిగా ఉండాలని దాన్నుంచి నేను నేర్చుకున్నాను. "ఆయనకున్నవే ఈయనకీ" అనే టికెట్ కూడా ఒకరకంగా వారసత్వమే.

ఇద్దరి చేతుల్లో ఉండాల్సింది ఒకరి చేతిలో ఉంటే

బ్యాంకు లాకర్‌కి రెండు తాళంచెవులు. ఒకటి మనది, ఒకటి బ్యాంకుది. బ్యాంకు వాళ్ళు మనల్ని దొంగలనుకుంటారనో, మనం వాళ్ళని అనుకుంటామనో కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి మీదా ఉత్తపుణ్యానికి నింద పడకూడదని.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి జంటలు కొన్నున్నాయి. సరుకులమ్మేవాడి పేరు, బ్యాంకు ఖాతా సిస్టమ్‌లో ఎక్కించేవాడు, అతనికి డబ్బు పంపేవాడు ఒకరే కాకూడదు. ఆర్డర్ పెట్టేవాడు, సరుకు వచ్చిందని రాసేవాడు, బిల్లు పాస్ చేసేవాడు వేర్వేరుగా ఉండాలి. ఈ మెనూలన్నీ ఒకే లాగిన్‌లో ఉంటే, లేని కంపెనీ నుంచి రాని సరుకు కొని, దానికి డబ్బు పంపేయడం ఒక మధ్యాహ్నం పని.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ బేరింగ్స్ బ్యాంక్. 1762లో లండన్‌లో మొదలైన బ్యాంకు. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే కుర్రాడు ట్రేడింగూ చేసేవాడు, ఆ ట్రేడింగ్ లెక్కలు సరిచూసే వెనక ఆఫీసూ అతని కిందే ఉండేది. నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు. 1995 ఫిబ్రవరిలో బయటపడేసరికి నష్టం 80 కోట్ల పౌండ్లు దాటింది. రెండువందల ఏళ్ళు దాటిన బ్యాంకుని ఐఎన్‌జీ అనే డచ్ సంస్థ ఒక్క పౌండుకి కొనుక్కుంది. లీసన్ తప్పు చేశాడు, జైలుకీ వెళ్ళాడు. కానీ ఆ రెండు కుర్చీలూ ఒకరికే ఇచ్చినవాళ్ళ మాటేమిటి?

మా బాబాయి

లీసన్ దొంగ. మరి దొంగ కానివాడికి అన్ని మెనూలూ ఇస్తే?

మా బాబాయి ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పందొమ్మిదేళ్ళు చేశాడు. పుస్తకాల కాలం నుంచీ ఉన్న మనిషి. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు, "ఆయనకి అన్నీ తెలుసు, అన్నీ ఇచ్చేయండి" అన్నాడు ఓనరు. బాబాయి దాన్ని గౌరవంగా తీసుకున్నాడు. మిగతావాళ్ళకి బిల్లు కొట్టే మెనూ ఒక్కటే ఉండేది. ఏదైనా సరిచేయాల్సివస్తే, "అన్నా, మీ లాగిన్‌లో ఒక్క నిమిషం" అని వచ్చేవాళ్ళు. ఆయన భోజనానికెళ్ళినా పని ఆగకూడదని పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి మానిటర్ కింద పెట్టాడు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఓనరుకీ తెలుసు.

ఒక ఏడాది మార్చి లెక్కల్లో సరుకు తగ్గింది. చూస్తే, ఎప్పుడూ వినని రెండు షాపుల పేర్ల మీద క్రెడిట్ నోట్లున్నాయి. అన్నీ బాబాయి లాగిన్‌లో చేసినవే. కొన్ని మధ్యాహ్నం భోజనం టైముకి, కొన్ని ఆయన సెలవు పెట్టిన రోజున. సెలవు రోజు సంగతి ఆయన చెప్పాడు. "మీరే ఎవరితోనైనా చేయించి ఉండొచ్చుగా" అన్నారు. కేసు పెట్టలేదు. ఆయన చేశాడని ఎవరూ తేల్చలేదు. చెయ్యలేదని కూడా ఎవరూ తేల్చలేదు. ఆ రెండో మాట లేకపోవడంతోనే ఆయన ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఆ ఓనరు పెళ్ళిళ్ళలో కనిపిస్తే బాబాయే పక్కకి తప్పుకుంటాడు. తప్పు చేసినవాడిలా ఉంటుంది చూడ్డానికి.

ఒకసారి నాతో అన్నాడు: "ఆ క్రెడిట్ నోటు మెనూతో నాకు ఏడాదికి రెండుసార్లు కూడా పనిపడేది కాదురా. నాకెందుకిచ్చారో వాళ్ళకీ తెలీదు, నేనెందుకు తీసుకున్నానో నాకూ తెలీదు."

2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. మంచి నియమమే. కానీ లాగ్‌కి తెలిసేది లాగిన్ పేరు మాత్రమే, కుర్చీలో కూర్చున్న మనిషి కాదు. ఒక పాస్‌వర్డ్ ఐదుగురు వాడితే ఆ లాగ్ అబద్ధం చెప్పదు గానీ నిజమూ చెప్పదు. ఉన్నవాళ్ళలో మెతక మనిషి పేరు చెబుతుంది.

మరి ఇన్ని తాళాలేస్తే పని సాగేదెలా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నలుగురున్న ఆఫీసులో ఎనిమిది రోల్స్ పెట్టమంటే నవ్వుతారు. పెద్ద కంపెనీల్లో దీనికి విరుద్ధమైన జబ్బు ఉంది. చిన్న చిన్న తేడాలకల్లా కొత్త రోల్ చేసుకుంటూ పోతే చివరికి మనుషులకంటే రోల్స్ ఎక్కువవుతాయి, ఏ రోల్‌లో ఏముందో ఎవరికీ తెలీదు. ఇంకో మాట ఒప్పుకోవాలి. బాబాయి ఆఫీసులో పాస్‌వర్డ్ చీటీ ఎక్కడం వెనక, మిగతావాళ్ళకి మరీ తక్కువ యాక్సెస్ ఇవ్వడం కూడా ఉంది. పనికి కావాల్సింది ఇవ్వకపోతే మనుషులు పక్కవాడి తాళంచెవి అడుగుతారు. అది మనిషి నైజం. కాబట్టి "వీలైనంత తక్కువ" అన్నది సరైన సూత్రం కాదు, "పనికి సరిపడా" అన్నదే సరైనది.

అందుకే నేనడిగేది పెద్ద పెద్ద ఏర్పాట్లు కాదు. చిన్న ఆఫీసైతే డబ్బు బయటికెళ్ళే ఒకటి రెండు చోట్లయినా ఇద్దరి చెయ్యి పడాలి. అంతమంది లేకపోతే, వారానికోసారి ఓనరే కూర్చుని లాగ్ చూడాలి. ఎవరైనా విభాగం మారితే కొత్తది ఇచ్చేరోజే పాతది తీసెయ్యాలి. అర్జెంటుగా ఎక్కువ యాక్సెస్ కావాలంటే కొన్ని గంటలకే ఇచ్చి, ఏం చేశారో రాసిపెట్టి, తర్వాత చూడాలి. ఎస్ఏపీ ప్రపంచంలో ఇలాంటి అత్యవసర లాగిన్‌ని ఫైర్‌ఫైటర్ అంటారు. మంటార్పేవాడికి తలుపు బద్దలుకొట్టే హక్కుంటుంది, కానీ మంట ఆరాక ఇంట్లో ఉండిపోడు కదా. ఇక, ఎవరికేముందో ఏడాదికోసారైనా జాబితా తీసి, ఆ విభాగం పెద్ద చదివి సంతకం పెట్టాలి. ఐటీ వాళ్ళు కాదు, విభాగం పెద్ద. ఎవరి పనేమిటో తెలిసేది ఆయనకే.

మన సంగతి

ఇంకో ఏడాదిలో మనలో చాలామందిమి ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాస్తూనో, దాని టికెట్లు మూస్తూనో ఉంటాం. "ఆయనకున్నవే ఈయనకీ" అన్న టికెట్ మన ముందుకొస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి వస్తుంది, చూస్తూ ఉండండి. అప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఈయన చేసే పనేమిటి?

అప్పటిదాకా ప్రాక్టీసుకి మన ప్రాజెక్టులున్నాయి. కోడ్ మొదలుపెట్టకముందే ఒక తెల్లకాగితం మీద అడ్డంగా రోల్స్, నిలువుగా పనులు రాసి గళ్ళు నింపండి. ఏ గడి దగ్గర మీలో మీకు వాదన వస్తుందో అదే అసలు డిజైన్. ప్రతి గడినీ సర్వర్‌లో చెక్ చేయండి. డెమోకి ముందు అందరికంటే చిన్న రోల్‌తో లాగిన్ అయ్యి, కనిపించని పేజీలన్నిటి అడ్రస్‌లూ మీరే టైప్ చేసి చూడండి. మా మేడంకి ఆ అవకాశం ఇవ్వకండి.

చివరగా ఒకటి. ఈ పత్రిక వచ్చే మన క్లబ్ మెయిల్ పాస్‌వర్డ్, ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరున్నాయో లెక్కపెట్టబోయాను. పాసై వెళ్ళిపోయిన రెండు బ్యాచ్‌ల సీనియర్లతో కలిపి పదిహేడు దాకా లెక్కపెట్టి ఆపేశాను. అందరూ మంచివాళ్ళే. అందరూ నాకు ఇష్టమైనవాళ్ళే. అందుకే మొన్న ఆదివారం ప్రెసిడెంట్ అక్కకి చెప్పి పాస్‌వర్డ్ మార్పించాను. కొత్తది నాకు చెప్పొద్దన్నాను. నా పనికి దాని అవసరం లేదు.